ప్రధానిని గెలిపించిన నేల మీద మన ఓటు ఏ లెక్కలో ఉంది?



నంద్యాల పేరు చెప్తే రాజకీయాలు తెలిసిన ఎవరికైనా రెండు సంగతులు గుర్తొస్తాయి. ఒకటి 1977. ఎమర్జెన్సీ అయిపోయాక వచ్చిన ఎన్నికల్లో ఉత్తరాదిలో కాంగ్రెస్ కొట్టుకుపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42 ఎంపీ సీట్లకు 41 కాంగ్రెస్సే గెల్చుకుంది. మిగిలిన ఆ ఒక్కటీ నంద్యాల. జనతా పార్టీ తరఫున నీలం సంజీవరెడ్డి గెలిచారు. మార్చిలో లోక్‌సభ స్పీకర్ అయ్యారు, జులై వచ్చేసరికి రాష్ట్రపతి అయ్యారు.

రెండోది 1991. పి.వి.నరసింహారావు ప్రధాని అయ్యేనాటికి పార్లమెంటులో సభ్యుడు కాదు. ఆయన కోసం నంద్యాల ఎంపీ గంగుల ప్రతాపరెడ్డి రాజీనామా చేశారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడు కదా అని ఎన్టీఆర్ తెలుగుదేశం అభ్యర్థిని నిలబెట్టలేదు. ఆ నవంబర్ ఉప ఎన్నికలో పీవీకి వచ్చిన మెజారిటీ 5 లక్షల 80 వేలు. దేశమంతా నోరు తెరిచి చూసింది. 1996లో మళ్లీ ఇక్కడే గెలిచారు. అదే ఎన్నికలో ఒడిశాలోని బరంపురంలో కూడా గెలిచారు కాబట్టి దాన్ని ఉంచుకుని నంద్యాలను వదిలేశారు.

పక్కనే కడప. 2011 ఉప ఎన్నికలో జగన్‌మోహన్ రెడ్డికి వచ్చిన మెజారిటీ 5 లక్షల 45 వేలు. అంటే మన రెండు జిల్లాలూ ఓట్లు వేయడంలో ఎవరికీ తీసిపోలేదు. కుప్పలు కుప్పలుగా వేశాం. రాష్ట్రపతిని ఇచ్చాం, ప్రధానిని గెలిపించాం, ముఖ్యమంత్రులను ఇచ్చాం.

ఇప్పుడు నేను మిమ్మల్ని ఒకటి అడుగుతా. ఈ చరిత్రలో మన గూడెం ఎక్కడుంది? మన తండా ఎక్కడుంది? బైర్లూటి, నాగలూటి, పెచ్చెర్వు చెంచు గూడేలు కూడా ఆ రోజు ఓటేశాయి. సుగాలి తండాలూ వేశాయి. ఎరుకల, యానాది వాడలూ వేశాయి. ఆ 5 లక్షల 80 వేలలో మనవి ఎన్ని అని ఎవరైనా ఎప్పుడైనా లెక్క తీశారా? మనమైనా తీశామా?

శ్రీశైలం సీటు సంగతి

ఎంపీ సీటు పెద్దది, దాన్ని కాసేపు పక్కన పెడదాం. అసెంబ్లీకి వద్దాం. నల్లమల అంచున ఒకప్పుడు ఆత్మకూరు నియోజకవర్గం ఉండేది. 2008 పునర్విభజనలో దాని స్థానంలో శ్రీశైలం నియోజకవర్గం వచ్చింది. శ్రీశైలం, ఆత్మకూరు, వెలుగోడు, బండి ఆత్మకూరు, మహానంది, ఇవీ మండలాలు. మల్లన్న గుడి ఇందులోనే, డ్యాం ఇందులోనే, సున్నిపెంటలో చెంచుల కోసం పెట్టిన ఐటీడీఏ ఇందులోనే. రాయలసీమలో ఆదివాసీ అనే మాటకు ఒక సీటు గుర్తుగా చూపించమంటే దీన్నే చూపించాలి.

గెలిచినవాళ్ల జాబితా చూడండి. 2009లో కాంగ్రెస్ నుంచి ఏరాసు ప్రతాపరెడ్డి. 2014లో వైసీపీ నుంచి బుడ్డా రాజశేఖరరెడ్డి, తర్వాత ఆయన తెలుగుదేశంలోకి వెళ్లారు. 2019లో వైసీపీ నుంచి శిల్పా చక్రపాణిరెడ్డి. 2024లో తెలుగుదేశం నుంచి మళ్లీ బుడ్డా రాజశేఖరరెడ్డి. నాలుగు ఎన్నికలు, మూడు పార్టీలు. జెండా మారింది, కండువా మారింది. ఇంటిపేర్లు రెండు మూడు మధ్యనే తిరిగాయి. ఇది ఆ మనుషుల మీద కోపంతో రాస్తున్న మాట కాదు. ఓటు చరిత్ర అని మనకు దొరికే కాగితం ఇంతే: ఎవరు గెలిచారు, ఏ పార్టీ, ఎంత మెజారిటీ. వేసినవాళ్ల చరిత్ర అందులో ఉండదు.

మెజారిటీ సంగతి మాత్రం మనం పట్టించుకోవాలి. 2024లో శ్రీశైలంలో గెలుపోటముల తేడా ఏడు వేల ఓట్లు కూడా లేదు. 1991లో ఐదు లక్షల ఎనభై వేల మెజారిటీలో ఒక గూడెం ఓటు సముద్రంలో చుక్క. ఏడు వేల లోపు తేడాలో అదే గూడెం, పక్క తండా, ఆ పక్క ఎరుకల వాడ కలిస్తే లెక్కే మారిపోతుంది. ఈ మాట మనకంటే ముందు లీడర్లకు తెలుసు. అందుకే పోలింగ్ ముందు రాత్రి జీపు గూడెం దాకా వస్తుంది. రోడ్డు లేదని అంబులెన్సు రాని చోటికి కూడా వస్తుంది.

మనకు సీటు ఎందుకు లేదు?

చాలామంది తమ్ముళ్లు అడిగే ప్రశ్న ఇది. నంద్యాల పార్లమెంటు కింద ఏడు అసెంబ్లీ సీట్లు: ఆళ్లగడ్డ, శ్రీశైలం, నందికొట్కూరు, పాణ్యం, నంద్యాల, బనగానపల్లె, డోన్. వీటిలో రిజర్వుడు ఒక్క నందికొట్కూరే, అదీ ఎస్సీ. కర్నూలు వైపు కోడుమూరు ఎస్సీ. కడప వైపు బద్వేలు, రైల్వే కోడూరు ఎస్సీ. ఎస్టీ సీటు రాయలసీమ మొత్తం మీద ఒక్కటి కూడా లేదు. రాష్ట్రంలో ఉన్న ఏడు ఎస్టీ అసెంబ్లీ సీట్లు, పాలకొండ, కురుపాం, సాలూరు, అరకు, పాడేరు, రంపచోడవరం, పోలవరం, అన్నీ ఉత్తరాంధ్ర, గోదావరి మన్యంలోనే. ఎంపీ సీటు ఒక్కటే, అరకు.

ఇది ఎవరో కుట్ర చేసి చేసింది కాదు. చట్టంలోనే ఉంది. ఎన్ని సీట్లు రిజర్వు చేయాలో రాష్ట్రంలో మన జనాభా వాటాను బట్టి తేలుస్తారు. ఎక్కడ పెట్టాలి అనే దగ్గర ఎస్సీలకు ఒక పద్ధతి, మనకు ఒక పద్ధతి. ఎస్సీ సీట్లను రాష్ట్రంలో వేర్వేరు ప్రాంతాలకు పంచాలి అని డీలిమిటేషన్ చట్టం చెప్తుంది. ఎస్టీ సీట్లను మాత్రం ఎస్టీ జనాభా శాతం అన్నిటికంటే ఎక్కువున్న చోటే పెట్టాలి. 2011 జనగణన ప్రకారం పాత కర్నూలు జిల్లాలో మన శాతం సుమారు రెండు. కడపలో రెండున్నర దాకా. అదీ ఒకచోట కాదు. చెంచులు నల్లమలలో, సుగాలీలు డోన్ వైపు మెట్ట నేలల్లో, ఎరుకల, యానాదులు ఊరూరా నాలుగిళ్లు, పదిళ్లు. చెల్లాచెదురుగా ఉన్నవాళ్లకు ఈ లెక్కలో ఎప్పటికీ సీటు రాదు.

చెల్లాచెదురుగా ఉన్నారు కాబట్టి సీటు ఇవ్వలేం అనేది ప్రకృతి ధర్మమేమీ కాదు. న్యూజిలాండ్‌లో మావోరీ ఆదివాసులకు 1867 నుంచి పార్లమెంటులో ప్రత్యేక సీట్లున్నాయి. మొదట నాలుగు, ఇప్పుడు ఏడు. మావోరీ ఓటర్లకు వేరే జాబితా ఉంటుంది, ఇష్టమైనవాళ్లు అందులో పేరు రాయించుకుంటారు. ఏ ఊళ్లో ఎంత తక్కువ మంది ఉన్నా సరే, ఆ ప్రాంతం మావోరీ సీటులో వాళ్ల ఓటు లెక్కకొస్తుంది. ఆ పద్ధతి ఇక్కడికి తేవాలని నేననడం లేదు. వేరే దారులు కూడా ఉంటాయని తెలుసుకోవాలి, అంతే.

సీటు లేకపోతే ఏం పోయింది?

"సీటున్న పాడేరు, అరకు ఏం బాగుపడ్డాయి?" అని మీలో కొందరు అంటారు. న్యాయమైన మాటే. రిజర్వుడు సీటులో గెలిచినవాళ్లు కూడా పార్టీ మాటే వింటారు, గూడెం మాట కాదు. అక్కడి జనం బాక్సైట్ మీద కొట్లాడింది ఎమ్మెల్యేలను నమ్ముకుని కాదు.

కానీ ఒక తేడా ఉంది, దాన్ని గమనించాలి. వాళ్లది ఐదో షెడ్యూలు ప్రాంతం. అందుకే అక్కడ 1/70 చట్టం పనిచేస్తుంది, గిరిజనేతరుడికి భూమి పోదు. పెసా ఉంది, గ్రామసభకు బలం ఉంది. 1997 సమతా తీర్పు ఉంది, మైనింగ్ కంపెనీలకు అడ్డం పడింది. మన నల్లమల గూడేలు షెడ్యూలు ప్రాంతంలో లేవు. కృష్ణ దాటి అవతలికి పోతే అమ్రాబాద్ చెంచు పెంటలు షెడ్యూలు ప్రాంతంలోనే ఉన్నాయి. అదే అడవి, అదే చెంచు, అదే దేవుడు. మధ్యలో నది. ఇవతల మద్రాసు రాష్ట్రం, అవతల నిజాం రాజ్యం అని అప్పట్లో ఉన్న గీత. ఆ గీత ఇప్పటికీ మన భూమి కాగితాల మీద కనిపిస్తుంది.

ఈ సంగతి ఎవరు అడగాలి? గిరిజన సలహా మండలి అని ఒకటుంది. ఇరవై మందికి మించకుండా సభ్యులుంటారు. నలుగురిలో ముగ్గురి లెక్కన ఎస్టీ ఎమ్మెల్యేలే ఉండాలని రాజ్యాంగం చెప్తుంది. ఎస్టీ ఎమ్మెల్యేలు ఏడుగురూ అటువైపు వాళ్లే. అంటే నల్లమల చెంచు మాట, డోన్ తండా మాట ఆ బల్ల మీదకు మన ఓటుతో గెలిచినవాళ్ల ద్వారా చేరే దారే లేదు. సీటు లేకపోతే పోయిందేమిటి అని అడిగినవాళ్లకు నా జవాబు ఇది.

రహస్య ఓటు ఎవరికి రహస్యం?

ఇంకో సంగతి చెప్తా, ఇది మన పెద్దోళ్లకు అనుభవంలో తెలుసు. ఓటు రహస్యం అంటారు. ఒక మనిషి ఓటు రహస్యమే. గూడెం ఓటు రహస్యం కాదు. ఎన్నికయ్యాక ప్రతి బూత్‌లో ఎవరికి ఎన్ని పడ్డాయో బయటికొస్తుంది. పెద్ద ఊళ్లో వెయ్యి మంది వేసిన బూత్‌లో ఎవరు ఎటు వేశారో చెప్పలేం. రెండు గూడేలు, ఒక తండా కలిసి ఉన్న చిన్న బూత్‌లో మాత్రం లీడర్ వేళ్ల మీద లెక్కపెట్టి చెప్తాడు. తర్వాత ఇల్లు ఎవరికొచ్చింది, బోరు ఎక్కడ పడింది, పింఛన్ ఎవరిది ఆగింది, అన్నీ ఆ లెక్కతోనే. బూత్‌ల ఓట్లు కలిపి లెక్కపెట్టే టోటలైజర్ యంత్రం తెద్దామని ఎన్నికల సంఘం 2008లోనే అడిగింది. కేంద్రం ఒప్పుకోలేదు.

అందుకే గూడెంలో చాలామంది "గెలిచేవాడికే వేద్దాం, ఎందుకొచ్చిన తంటా" అంటారు. వాళ్లను అమాయకులు అనకండి, అమ్ముడుపోయారు అనకండి. అది భయం, ఆ భయానికి కారణం ఉంది. పోలింగ్ రోజుకు ఊళ్లో లేనివాళ్లూ ఉంటారు. మన పడమటి పల్లెల నుంచి మిరపకోతకు గుంటూరు పోయిన కుటుంబాలు ఏప్రిల్‌లో ఎన్నికలొస్తే తిరిగి రావాలి. ఛార్జీ ఎవడిస్తే వాడికే ఓటు అనేది అక్కడ పుట్టిన మాట. అప్పులో ఉన్న మనిషిని ఓటు అమ్ముకున్నాడని తిట్టడం తేలిక.

ఇప్పుడు అదే లెక్కను తిప్పి చూడండి. లీడర్ దగ్గరున్న ఆ కాగితం రహస్యం కాదు. దాని పేరు ఫారం 20. బూత్ వారీగా ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లో వరసగా ఉంటుంది. రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారి వెబ్‌సైట్‌లో దొరుకుతుంది, ఫోన్‌లోనే తీసుకోవచ్చు. మన ఓటు చరిత్ర మొత్తం అందులో ఉంది. డెబ్భై ఏళ్లుగా ఎవడో మనల్ని చదువుతున్నాడు. మనల్ని మనం ఇంతవరకూ చదువుకోలేదు.

జనరల్ సీటు మనది కాదా?

ఎస్టీ సీటు లేదు కాబట్టి మనం నిలబడేది లేదు అనే మాట మన బుర్రల్లో పాతుకుపోయింది. దానికి ఒక పాత కథ చెప్తా. కథ కాదు, జరిగిందే. 1957లో పార్వతీపురం పార్లమెంటు స్థానం ద్విసభ్య నియోజకవర్గం. అప్పట్లో కొన్ని చోట్ల ఒకే నియోజకవర్గానికి ఇద్దరు, ఒకరు జనరల్, ఒకరు రిజర్వుడు. ఆ పద్ధతి 1961లో రద్దయింది. అక్కడ కాంగ్రెస్ తరఫున జనరల్ సీటుకు నిలబడింది వి.వి.గిరి, తర్వాత రాష్ట్రపతి అయిన గిరి. ఓట్లు లెక్కపెడితే ఎక్కువ ఓట్లు వచ్చిన ఇద్దరూ ఎస్టీలే. ఒకరికి రిజర్వుడు సీటు పోయింది, రెండో ఆయన డిప్పల సూరిదొరకు జనరల్ సీటు ఇచ్చారు. గిరి సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1959లో కోర్టు చెప్పింది ఒకటే: రిజర్వేషన్ ఉంది కదా అని ఆదివాసికి జనరల్ సీటు మీద హక్కు పోదు. సూరిదొర గెలుపు గెలుపే.

కాబట్టి శ్రీశైలం సీటు కూడా జనరలే, అంటే అందరిదీ. మనదీ. రేపే నిలబడి గెలుస్తామని నేను మభ్యపెట్టను. డబ్బు లేదు, మంది లేరు. కానీ మనది కాదు అనే మాట మాత్రం నోట్లోంచి తీసేయండి.

సీటు లేకపోయినా మాట వినిపించవచ్చని కూడా చూశాం. అమ్రాబాద్ వైపు నల్లమలలో యురేనియం తవ్వుతామన్నప్పుడు అచ్చంపేట కూడా ఎస్టీ సీటు కాదు, ఎస్సీ సీటే. చెంచు పెంటల నుంచి హైదరాబాద్ దాకా జనం లేచారు. 2019 సెప్టెంబర్‌లో తెలంగాణ అసెంబ్లీ యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. గెలిచిన పార్టీ ఏదైనా సరే, దాని నోటితో ఆ మాట చెప్పించింది జనం.

మరి ఏం చేద్దాం?

పెద్ద పెద్ద మాటలు వద్దు. చేతిలో ఫోనున్న ప్రతి తమ్ముడూ, చెల్లీ చేయగలిగినవే చెప్తా.

మొదటిది, ఓటరు జాబితా. మీ బూత్ జాబితా దించుకుని గూడెంలో ఇల్లిల్లూ తిరిగి సరిచూడండి. పద్దెనిమిది నిండినవాళ్లకు ఫారం 6, తప్పులున్నా చోటు మారినా ఫారం 8. ఇప్పుడు ఏడాదికి నాలుగు సార్లు, జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ ఒకటో తేదీలకు వయసు లెక్క చూస్తారు. చెంచుల్లాంటి పీవీటీజీలను జాబితాలో చేర్చడానికి 2024 ఎన్నికల ముందు ఎన్నికల సంఘమే ప్రత్యేకంగా పనిచేసింది. పేరుందా పోయిందా చూసుకునే పని మనది. బూత్ రెండు కిలోమీటర్లు దాటితే దగ్గరికి మార్చమని రాతపూర్వకంగా అడగండి.

రెండోది, మీ గూడెం ఓటు చరిత్ర రాయండి. 2009, 2014, 2019, 2024, నాలుగు ఫారం 20లు తీసి మీ బూత్ వరస ఒక నోటుపుస్తకంలో ఎక్కించండి. పక్కనే ఇంకో గడి గీయండి: ఆ ఐదేళ్లలో గూడేనికి ఏమొచ్చింది? పట్టాలు ఎన్ని, నీళ్లు వచ్చాయా, బడి నడిచిందా, టీచర్ వచ్చాడా? అవ్వను, తాతను కూర్చోబెట్టి అడగండి, వాళ్లకు అన్నీ గుర్తుంటాయి. ఆ రెండు గడులూ పక్కపక్కన చూస్తే ఏ ఉపన్యాసమూ అక్కర్లేదు.

మూడోది, ఓటడగడానికి వచ్చినవాళ్లకు ముందే కాగితం ఇవ్వండి. అందులో రెండే రెండు అడగండి. నల్లమల చెంచు గూడేలను షెడ్యూలు ప్రాంతంలో చేర్చమని అసెంబ్లీలో అడుగుతావా? అటవీ హక్కుల చట్టం కింద పీవీటీజీలకు రావాల్సిన ఆవాస హక్కు ఇప్పిస్తావా? ఆ 2006 చట్టానికి షెడ్యూలు ప్రాంతం కావాలనే షరతు లేదు, టైగర్ రిజర్వ్‌లో కూడా వర్తిస్తుంది. ఫారెస్టోళ్లు వేరేలా చెప్తే నమ్మకండి.

నాలుగోది, కింద నుంచి మొదలుపెట్టండి. వార్డు మెంబరు, సర్పంచ్, ఎంపీటీసీ పదవుల్లో మన జనాభా ప్రకారం రిజర్వేషన్ ఉంటుంది. ఆ కుర్చీలో మన అక్క పేరు ఉంటుంది, పెత్తనం మాత్రం ఊరి పెద్దమనిషిది. ఆ చెక్కు పుస్తకం, ఆ తీర్మానాల పుస్తకం మన అక్క చేతికి రావాలి. చదువుకున్న మీరు ఆమె పక్కన కూర్చోండి. ఆమెకు చదవడం వచ్చినా రాకపోయినా సరే, ప్రతి కాగితం చదివి వినిపించాకే సంతకం.

లెక్కల కాలం వస్తోంది

ఇప్పుడే ఎందుకు ఇదంతా అంటారేమో. 2027 జనగణన వస్తోంది. 2026 తర్వాత జరిగే మొదటి జనగణన అంకెల దాకా సీట్ల సంఖ్య మార్చొద్దని 84వ రాజ్యాంగ సవరణ పెట్టిన గడువు దగ్గరపడింది. విభజన చట్టంలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ సీట్లు 175 నుంచి 225 చేయాలని రాసుంది. 2011 అంకెల ప్రకారం రాష్ట్రంలో మన వాటా ఐదున్నర శాతం. 225లో అది పన్నెండు సీట్లు. ఇప్పుడున్నవి ఏడు.

ఆ పన్నెండులో ఒకటి రాయలసీమకు వస్తుందా? ఎక్కువ శాతం ఉన్న చోటే పెట్టాలి అనే నిబంధన మారకపోతే రావడం కష్టం. దాన్ని మార్చమని అడిగే గొంతు ఇప్పటినుంచే లేవాలి. గీతలు గీశాక ఏడ్చి లాభం లేదు. అడగాలంటే ముందు లెక్కలో ఉండాలి. ఎన్యూమరేటర్ గూడెం దాకా వచ్చాడా, కుటుంబం మొత్తాన్ని రాశాడా, తెగ పేరు సరిగ్గా రాశాడా, పనికి వలస పోయినవాళ్లను ఎక్కడ రాశారు? ఇవన్నీ చూసుకోవలసింది మీరే.

మన తాతలు ఓటేశారు, వేలి మీద సిరా చూసుకుని మురిశారు. ఆ సిరా కొన్నాళ్లకు చెరిగిపోయింది, చరిత్రలో గుర్తు మిగల్లేదు. ఈసారి నోటుపుస్తకంలో రాసి పెట్టండి. ఈ ఆదివారమే ఒక్క ఫారం 20 తీయండి. మీ బూత్ నంబర్ వెతకండి. ఆ వరస పక్కన మీ గూడెం పేరు మీ చేత్తో రాయండి.

జై ఆదివాసీ.